స్వర్ణముఖి బేసిన్‌లో భూగర్భజలాల పటం: మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు

తిరుపతిలో జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు చేసి విశ్లేషించే) ప్రాజెక్టు చేసే పిల్లలు ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో ఒకే రకం ప్రశ్నలతో ఫోన్ చేస్తారు. మార్చి వచ్చేసరికి రైతుల ఫోన్లు మొదలవుతాయి, అవీ ఒకే రకం. చెప్పిందే చెప్పి అలిసిపోయి ఇలా రాసిపెట్టాను. ఎవరికి కావలసింది వాళ్ళు నేరుగా చూసుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా స్వర్ణముఖి బేసిన్‌వే, అంటే ఆ నదిలోకి వాన నీళ్ళు చేరే ప్రాంతం మొత్తానివి. నీవా, కుశస్థలి, అరణి బేసిన్ల మీద పనిచేసేవాళ్ళకూ పద్ధతి ఇదే.

## మొదలుపెట్టకముందు

ఈ పటం భూమిలో నీళ్ళు ఎంతున్నాయో చూపిస్తుందా?

చూపించదు. ఉపగ్రహానికి నేల లోపల ఏముందో కనబడదు. రాయి రకం, వాలు, పగుళ్ళు, వాగుల అల్లిక, మట్టి, వాన లాంటివి చూసి ఎక్కడ నీరు ఇంకి నిలిచే అవకాశం ఎక్కువో, ఎక్కడ తక్కువో పోల్చి చెప్పేదే ఈ పటం. 'చాలా బాగుంది' అన్న ఆకుపచ్చ రంగు పడ్డ చోట కూడా గంటకు ఎన్ని లీటర్లు వస్తాయో అందులో ఉండదు. ఇంకో సంగతి. ఆ పోలిక ఒక పటం లోపలే చెల్లుతుంది. నీవా పటంలోని ఆకుపచ్చను తెచ్చి స్వర్ణముఖి పటంలోని ఆకుపచ్చ పక్కన పెట్టి, రెండూ సమానమనుకోకూడదు.

జిల్లా పటం చేస్తే సరిపోదా? బేసినే ఎందుకు?

చంద్రగిరి వైపు కురిసిన వాన తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రానికి పోతుంది. దారిలో ఇసుకలోకీ, పగుళ్ళలోకీ ఇంకుతుంది. ఈ మొత్తం దారి ఒక్క చట్రంలో కనబడాలంటే బేసిన్ హద్దే తీసుకోవాలి. పైగా జిల్లా గీతలు మారుతుంటాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లాలో, నాయుడుపేట నెల్లూరు జిల్లాలో ఉండేవి. కాబట్టి పాత బావుల లెక్కలు రెండు జిల్లాల పేర్ల కింద వెతుక్కోవాలి. ఇది తెలియక సగం బేసిన్‌కు డేటా లేదని రాసిన రిపోర్టులు చూశాను.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఏదీ కొనక్కర్లేదు. క్యూజీఐఎస్ ఉచితం, ఈ పనికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. దొంగ లైసెన్సు వాడి టెన్షన్ పడేకంటే ఇదే మేలు.

ఎంత కాలం పడుతుంది?

పొరలు (రాయి, వాలు, వాన ఇలా ఒక్కోదానికి ఒక్కో పటం) తయారుచేసి కలపడానికి రెండు మూడు వారాలు. ఊళ్ళు తిరిగి బోర్ల వివరాలు రాసుకోవడానికి కనీసం ఒక నెల. ఈ రెండో పనికి అందరూ రెండు రోజులు పెడతారు. పటం చెడేది అక్కడే.

## డేటా దగ్గర

ఏ డేటా ఎక్కడ దొరుకుతుంది?

నేల ఎత్తుల డేటా, అంటే డెమ్, 30 మీటర్ల గడితో ఎస్‌ఆర్‌టీఎం (నాసా అంతరిక్ష నౌక రాడార్ సర్వే) నుంచి వస్తుంది. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ళ భువన్ వెబ్‌సైట్‌లో కార్టోశాట్ ఉపగ్రహపు డెమ్ ఉంటుంది. రాళ్ళ పటాలకు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ భూకోశ్ వెబ్‌సైట్ చూడండి. భూ వినియోగానికి 10 మీటర్ల సెంటినల్-2 చిత్రాలు చాలు. మట్టి పటాలు నాగపూర్‌లోని జాతీయ మృత్తికా సర్వే సంస్థవి. నీటిమట్టాలకు కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర భూగర్భజల శాఖ ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (నేల వివరాల పటాల్లో) తిరుపతి ఊరు ఉండేది 57 ఓ/6లో. గడి సైజు మీద ఒక మాట: 30 మీటర్ల గడి ఒకటి 900 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 22 సెంట్లు. అంతకంటే చిన్న సంగతి ఏదీ ఆ డెమ్‌కు తెలియదు.

నా పొరలు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవడం లేదు, ఎందుకు?

పదిలో తొమ్మిదిసార్లు ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును పటంగా మార్చే లెక్క) గొడవే. మన ప్రాంతమంతా యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి వస్తుంది, దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అన్ని పొరలనూ ముందు అందులోకి మార్చండి. లేకపోతే వాలు లెక్కలు డిగ్రీల్లో, మీటర్లలో కలగాపులగమై అర్థంలేని అంకెలు వస్తాయి. పాత టోపోషీట్లు వాడితే ఇంకో చిక్కు. అవి ఎవరెస్ట్ డేటమ్ అనే పాత కొలతల ఆధారం మీద గీసినవి. వాటిని డబ్ల్యూజీఎస్ 84 (ఇప్పుడు జీపీఎస్ వాడే ఆధారం) అనుకుని కూర్చోబెడితే పటం వంద మీటర్లకు పైనే పక్కకు జరుగుతుంది. ఊరి గుడి వెళ్ళి చెరువులో పడుతుంది.

బేసిన్ హద్దు గీస్తే చెరువుల దగ్గరా, సముద్రం వైపూ పిచ్చిగా వస్తోంది. ఏం చేయాలి?

మన దగ్గర చెరువులు గొలుసుకట్టు. ఒకటి నిండి అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి పోతాయి. అలుగు కాలవ మనిషి తవ్వింది, దాని సంగతి 30 మీటర్ల డెమ్‌కు తెలియదు. చెరువును వట్టి గుంటగా చూసి, పూడ్చేసి, కట్ట మీదుగా తనకు తోచిన చోట గీత లాగేస్తుంది. నాయుడుపేట దాటాక నేల మరీ చదును, అక్కడ ప్రవాహ దిశ తేల్చుకోలేదు. అందుకని తెలిసిన వాగుల గీతలను టోపోషీటు నుంచి తీసి ముందే డెమ్‌లోకి దించండి, ఆ తర్వాతే ప్రవాహ దిశ లెక్కించండి. బేసిన్ చివరి బిందువును సరిగ్గా నది గడి మీదే పెట్టాలి. ఒక్క గడి పక్కకు పోయినా మూడు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు బేసిన్ బదులు ఒక చిన్న మడి చేతికొస్తుంది.

వర్షపాతం పొర మొత్తం రెండు మూడు రంగుల్లోనే వస్తోంది. తప్పు చేశానా?

తప్పేమీ లేదు. వాతావరణ శాఖ గ్రిడ్ డేటా గడి పావు డిగ్రీ, అంటే దాదాపు 27 కిలోమీటర్లు. మన బేసిన్‌లో అలాంటి గడులు కొన్నే పడతాయి. చిర్ప్స్ (ఉపగ్రహాల సాయంతో వేసిన వాన లెక్క) డేటా గడి సుమారు ఐదున్నర కిలోమీటర్లు, కాస్త నయం. అయితే ఇంత చిన్న బేసిన్‌లో వాన చెప్పే కథ ఒక్కటే: తూర్పుకు పోయేకొద్దీ ఎక్కువ. ఆ పొరకు పెద్ద తూకం ఇస్తే రాయి ఏదైనా సరే తూర్పంతా ఆకుపచ్చ, పడమటన పాకాల వైపంతా ఎరుపు, అంటే అవకాశం తక్కువ, అవుతుంది.

## పొరలు తయారుచేసేటప్పుడు

మన రాతి నేలల్లో అసలు నీళ్ళెక్కడుంటాయి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియకుండా మిగతావన్నీ చేస్తే కంప్యూటర్‌లో రంగులు నింపినట్టే. బేసిన్ పడమటి సగంలో కింద ఉండేది గ్రానైటు, నైస్ (చారలుండే గట్టి రాయి). గట్టి బండ. దాని లోపల నీటికి చోటే లేదు. నీళ్ళుండేది రెండు చోట్ల. ఒకటి, బండ పైన శిథిలమై మొరంగా మారిన పొర. పాత దిగుడు బావులన్నీ దీన్ని నమ్ముకునే తవ్వారు. ఈ పొర ఒక చేనులో పది అడుగులుంటే పక్క చేనులో అరవై అడుగులుండొచ్చు. రెండోది, బండలోని పగుళ్ళు. బోర్లు తాకేది వాటినే. పగులు తగిలితే నీళ్ళు, అడుగు పక్కన వేస్తే దుమ్ము.

వీటి మధ్య గోడల్లా డోలరైట్ డైకులు పోతుంటాయి. నల్లరాళ్ళ గుట్టలు వరసగా తీర్చినట్టు కనబడితే అది డైకు అయి ఉండొచ్చు. పగలని డైకు నేల లోపల కట్టలా పనిచేస్తుంది, ఎగువ వైపు బావుల్లో నీళ్ళు నిలుస్తాయి, దిగువ వైపు కరువు. అదే డైకు పగిలి ఉంటే నీటికి అదే దారి. పటంలో రెండూ ఒకే గీత. అందుకే డైకును గుడ్డిగా 'మంచిది' అనో 'చెడ్డది' అనో అనలేం.

తిరుమల కొండలు వేరే జాతి. పైన క్వార్ట్‌జైట్ (గట్టిపడ్డ ఇసుకరాయి), దాని కింద చాలా పాత గ్రానైటు. రెండూ కలిసే గీతను కనుమ దారిలో చూడొచ్చు, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. క్వార్ట్‌జైట్ చీలికల్లో దిగిన నీరు కొండ అడుగున ఊటలై వస్తుంది. వాలు ఎక్కువ కాబట్టి కొండకు తక్కువ మార్కులు పడతాయి, కొండపాదాన మాత్రం జాగ్రత్తగా చూడాలి.

ఇక స్వర్ణముఖి ఇసుక. నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండినట్టే ఉంటుంది, నీళ్ళు ఇసుక లోపల నడుస్తుంటాయి. మన పెద్దలు ఊటకాలవలు తవ్వి ఆ నీటినే పొలాలకు పారించుకున్నారు. ఇసుకకు అడ్డంగా భూగర్భ ఆనకట్టలు కట్టింది కూడా అందుకే. ఇసుక తోడేస్తే ఆ నీళ్ళుండే సంచే పోతుంది. పాత రాళ్ళ పటంలో అక్కడ ఇసుక ఉన్నట్టే ఉంటుంది, ఒకసారి వెళ్ళి చూసి రండి.

పొరలు ఎన్ని పెట్టాలి? ఎక్కువైతే మంచిదే కదా?

కాదు. ఏడెనిమిది చాలు. వాలు, ఎత్తు, తేమ సూచిక (నీరు ఎక్కడ చేరుతుందో వాలును బట్టి వేసే లెక్క), డ్రైనేజీ డెన్సిటీ (చదరపు కిలోమీటరుకు వంకల పొడవు) నాలుగూ ఒకే డెమ్ నుంచి పుట్టినవి. నాలుగూ పెడితే ఒక సాక్షి చేత నాలుగుసార్లు సంతకం పెట్టించినట్టు. ఒక పొర మిగతా వాటిని ఎంత తిరిగి చెప్తోందో చూపే వీఐఎఫ్ లెక్క వేసి చూడండి. 10 దాటిన పొరను తీసేయండి, 5 దాటితే అనుమానించండి. పదిహేను పొరలు పెట్టిన పటం ఒకటి చూశాను. రోడ్ల నుంచి దూరం కూడా ఉంది అందులో. ఎందుకని అడిగితే నవ్వు తప్ప జవాబు లేదు.

లీనియమెంట్లను (పగుళ్ళను సూచించే పొడవాటి గీతలను) కంప్యూటరే గీస్తుంది కదా, అలాగే వదిలేయొచ్చా?

వదిలేస్తే నాకైన అనుభవమే మీకూ అవుతుంది. మొదటిసారి చేసినప్పుడు రేణిగుంట దగ్గర చక్కటి పొడవాటి గీత దొరికింది. పెద్ద పగులు దొరికిందని రెండు రోజులు సంబరపడ్డాను. తీరా చూస్తే రైలు పట్టా. కంప్యూటర్‌కు కావలసింది తిన్నటి అంచు, అంతే. రైలు పట్టా, హైవే, కాలవ, కరెంటు టవర్ల వరస, పెద్ద తోట గట్టు, దానికి అన్నీ ఒకటే. గీసిన గీతల మీద రోడ్లు, రైలు, కాలవల పొర వేసి కలిసినవన్నీ చెరిపేయండి. గీతలు పట్టడానికి డెమ్ నుంచి తీసే నీడల చిత్రాన్ని ఒకే దిక్కు వెలుతురుతో కాకుండా కనీసం నాలుగు దిక్కుల నుంచి తయారుచేయండి. వెలుతురు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉన్న పగుళ్ళు నీడ పడక దాక్కుంటాయి.

డ్రైనేజీ డెన్సిటీ ఎక్కువైతే నీళ్ళు ఎక్కువా, తక్కువా?

మామూలుగా తక్కువ. వాన నేలలోకి దిగలేకపోతేనే పైపైన అన్ని వంకలు పుడతాయి. దిగే నేల మీద వంకలు పలచగా ఉంటాయి. కానీ పెద్ద ఏటి ఒడ్డున ఒండ్రు నేలలో ఈ సూత్రం తిరగబడుతుంది. అక్కడ ఏరే నేలకు నీళ్ళు పోస్తుంది.

పచ్చటి పొలాలున్న చోట ఎక్కువ మార్కులు వేయొచ్చా?

ఏప్రిల్ నెల చిత్రంలో చెరకు పచ్చగా ఉందంటే అక్కడ బోరు నడుస్తోందని అర్థం. ఆ పచ్చదనాన్ని చూసి 'ఇక్కడ నీళ్ళు పడతాయి' అని మార్కులు వేసి, తర్వాత అదే బోరు దగ్గరికెళ్ళి 'చూశారా, పటం నిజమైంది' అంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు. భూ వినియోగం పొరను నీరు ఇంకే గుణం కోసమే వాడండి. చెరువుకు, మాగాణికి ఎక్కువ. తిరుపతి నగరంలో సిమెంటు పరచిన చోటికి తక్కువ.

## తూకాలు వేసేటప్పుడు

ఏహెచ్‌పీలో మార్కులు ఎవరు వేయాలి? ఎవరో వేసినవి తీసుకోవచ్చా?

ఏహెచ్‌పీ అంటే ఏ పొరకు ఎంత తూకం ఇవ్వాలో తేల్చే సాటీ పద్ధతి. పొరలను జంటలుగా పోల్చి 1 నుంచి 9 వరకు మార్కులు వేయాలి. ఏడు పొరలైతే 21 జంటలు. వేరే రాష్ట్రంలోని ఒండ్రు మైదానానికి వేసిన మార్కులు తెచ్చి మన బండ నేలకు అతికించొద్దు. అక్కడ పగుళ్ళకు విలువ లేదు, ఇక్కడ పగులే ప్రాణం. ఇద్దరు ముగ్గురు జియాలజిస్టుల దగ్గర విడివిడిగా వేయించుకోండి. వీలైతే ఇరవై ముప్ఫై ఏళ్ళుగా రిగ్గు నడిపిన మనిషితో ఒక గంట కూర్చోండి. ఆయనకు ఏహెచ్‌పీ తెలియకపోయినా ఏ రాయి కింద ఏముంటుందో తెలుసు.

సీఆర్ (మార్కుల పొందిక చెప్పే అంకె) 0.1 దాటుతోంది. ఏం చేయాలి?

మీ మార్కులు ఒకదానితో ఒకటి పొసగడం లేదని అర్థం. పగుళ్ళు వాలు కంటే ముఖ్యం, వాలు మట్టి కంటే ముఖ్యం అని చెప్పి, చివరికి మట్టి పగుళ్ళ కంటే ముఖ్యం అన్నారేమో చూడండి. లెక్క ఇలా: ఏడు పొరలకు లాంబ్డా (మార్కుల పట్టిక నుంచి వచ్చే అంకె) 7.5 వస్తే, 7.5 లోంచి 7 తీసి 6తో భాగిస్తే 0.083. ఏడు పొరలకు యాదృచ్ఛిక సూచిక 1.32. దానితో భాగిస్తే 0.063, పాసైనట్టే. అంకె దించడం కోసం మార్కులు దిద్దకండి. దిద్దిన ప్రతి మార్కుకూ నేల మీద కారణం ఉండాలి. సీఆర్ బాగుంటే మీరు తడబడలేదనే అర్థం, పటం నిజమని కాదు.

ఏహెచ్‌పీ పాతబడింది, మెషీన్ లెర్నింగ్ వాడమంటున్నారు. వాడాలా?

బోర్ల వివరాలు వందల్లో ఉంటే వాడండి. ముప్ఫై బోర్లతో రాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతి నడిపి 95 శాతం కచ్చితత్వం వచ్చిందంటే నేను నమ్మను. ఇంకో గోతి ఉంది. బోర్లు ఎక్కడుంటాయి? పొలం, కరెంటు లైను, దారి ఉన్న చోట. అడవిలో ఎవరూ బోరు వేయరు. కాబట్టి మోడల్ నేర్చుకునేది నీళ్ళెక్కడున్నాయో కాదు, రైతులెక్కడున్నారో. ఫెయిలైన బోర్ల జాబితా ఉంటేనే అది పనికొచ్చేది నేర్చుకుంటుంది. ఫెయిలైన బోరును మాత్రం ఏ కాగితంలోనూ ఎవరూ రాసిపెట్టరు.

తయారైన పటాన్ని ఐదు తరగతులుగా విడగొట్టడానికి ఏ పద్ధతి?

సహజ విరామాలు (అంకెలు వాటంతటవే గుంపులుగా విడిపోయే చోట కోయడం) ఎక్కువమంది వాడతారు. సమాన అంతరాలకు మార్చి చూడండి, ఒక్క క్లిక్కుతో 'బాగుంది' విస్తీర్ణం మారిపోతుంది. అందుకే 'బేసిన్‌లో ఇంత శాతం బాగుంది' అన్న అంకెను హెడ్డింగులో పెట్టకండి. ఏ పద్ధతి వాడారో పటం కింద రాయండి.

## సరిచూసేటప్పుడు

పటం సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

బోర్లు ఇచ్చే నీటితో పోల్చాలి. పటం తయారీలో వాడని బోర్లతోనే. ఎక్కువ నీళ్ళిచ్చేవి, తక్కువిచ్చేవి, ఫెయిలైనవి మూడూ ఉండాలి. వాటితో ఆర్‌ఓసీ గీత గీసి, దాని కింది వైశాల్యం ఏయూసీ చూడండి. పటం మంచి బోరునూ చెడ్డ బోరునూ ఎంత బాగా విడగొడుతుందో చెప్పే అంకె అది. 0.5 అంటే బొమ్మా బొరుసూ వేసినట్టు. 0.7 దాటితే పనికొస్తుంది. తర్వాత ఒక్కో పొరను తీసేసి మళ్ళీ నడపండి. ఏ పొర తీసినా పటం మారకపోతే ఆ పొర ఊరికే కూర్చుంది.

నీటిమట్టం లెక్కలతో పోలిస్తే చాలదా?

చాలదు. మట్టం పైకి ఉన్న చోట బోరు బాగా ఇస్తుందని లేదు. మోటార్లు లేని చోట కూడా మట్టం పైకే ఉంటుంది. ఏడాది కూడా చూసుకోవాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానల తర్వాత కొలిచిన మట్టాలతో ఏ పటాన్ని పోల్చినా బాగానే కనబడుతుంది. కనీసం ఐదారేళ్ళ మే, నవంబరు మట్టాలు రెండూ తీసుకుని, వాటి మధ్య తేడాను చూడండి.

రైతులు నిజం చెప్తారా? ఏం అడగాలి?

'నీళ్ళెంత వస్తాయన్నా?' అంటే 'రెండించులు' అంటారు. అది బోరు వేసిన రోజు మాట. 'ఇప్పుడు మోటారు ఎంతసేపు ఆగకుండా పోస్తుంది?' అని అడగండి, అసలు సంగతి వస్తుంది. లోతు, ఎన్ని అడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి, ఎన్నేళ్ళయింది రాసుకోండి. ఇంతకంటే విలువైంది కేసింగ్ (బోరులో దించే గొట్టం) పొడవు. బండ తగిలేదాకానే కేసింగ్ దించుతారు కాబట్టి అది మొరం మందానికి దాదాపు సమానం. డబ్బు కట్టింది అడుగుల లెక్కన గనక ఆ అంకె రైతు మర్చిపోడు. ఏ ఉపగ్రహమూ ఇవ్వలేని పొర అది. ఫెయిలైన బోర్ల గురించి రెండోసారి వెళ్ళినప్పుడు అడగండి. మొదటి రోజు ఎవరూ చెప్పరు.

## పటం చేతికొచ్చాక

మా చేను పటంలో ఎర్రగా ఉంది. బోరు వేయొద్దంటారా?

ఎరుపు అంటే ఆ చుట్టుపక్కల అవకాశం తక్కువని. మీ చేనులో లేదని కాదు. రాళ్ళ పటం 1:50,000 అయితే అందులో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. పగులు వెడల్పు అడుగో, బెత్తెడో. పటం మీద పాయింటు పెట్టడం కుదరదు. చుట్టూ ఫెయిలైన బోర్లు లెక్కపెట్టండి, జియాలజిస్టును పిలిచి రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి లోపలి పొరలు అంచనా వేయడం) చేయించండి. ఆయనకు ఈ పటం చూపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవడం మరవొద్దు. ఆకుపచ్చ పడ్డవాళ్ళకూ ఇవే మాటలు. నాకు బాధ కలిగించే ఫోన్లు వాళ్ళ నుంచే వస్తాయి. పటం బాగుందని అప్పు చేసి వెయ్యి అడుగులు దించి, దుమ్ము చూసినవాళ్ళు.

కొబ్బరికాయతో, వేపపుల్లతో చూసేవాళ్ళు చెప్పింది నిజమవుతోంది కదా?

మొరం మందంగా ఉన్న చోట ఎవరు ఎక్కడ చూపించినా కొన్ని నీళ్ళు పడతాయి. ఆయన చూపించిన వాటిలో ఎన్ని ఎండిపోయాయో కూడా ఒక నోటుబుక్కులో రాయండి. ఇరవై బోర్లయ్యాక మీరే చెప్తారు. నమ్మకం మీద నాకు గొడవ లేదు. కాయ నిలబడిన చోటే రెసిస్టివిటీ కూడా చూపించుకోండి.

ఆకుపచ్చ మండలమే భూగర్భజలాల 'అతి వినియోగం' ప్రభుత్వ జాబితాలో ఉంది. పటం తప్పా?

రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మీ పటం చెప్పేది కుండ ఎంత పెద్దదో. ఆ జాబితా చెప్పేది ఏడాదికి చేరే నీటిలో ఎంత తోడుతున్నామో. 70 శాతం లోపు సురక్షితం, 90 దాకా పాక్షిక సంక్లిష్టం, 100 దాకా సంక్లిష్టం, దాటితే అతి వినియోగం. మంచి కుండ ఉన్న చోటే అందరూ ముంచుతారు, కాబట్టి రెండూ ఒకేచోట కలవడం మామూలే.

ఆకుపచ్చ ఉన్న చోటల్లా చెక్‌డ్యామ్ కట్టొచ్చా?

మట్టం ఇప్పటికే పైన ఉన్న చోట కడితే నీళ్ళు నేలలోకి దిగవు, ఎండకు ఆవిరైపోతాయి. కట్టాల్సింది అవకాశం ఉండీ మట్టం పడిపోయిన చోట. అంటే మే నెల మట్టాల పొరను దీని మీద వేసి చూడాలి. వంకలో పారే నీళ్ళు ఎన్ని, ఎగువన ఎన్ని కట్టారు, దిగువ చెరువు ఆయకట్టు ఏమవుతుంది అన్నవి కూడా లెక్కే. ఎగువ వాళ్ళు ఆపేస్తే దిగువ చెరువు వాళ్ళు గొడవకు వస్తారు. అది ఏ సాఫ్ట్‌వేర్ లోనూ కనబడదు.

ఆ నీళ్ళు తాగడానికి పనికొస్తాయా?

ఈ పటం చెప్పదు. గ్రానైటు నేలల్లో లోతు బోర్లలో ఫ్లోరైడ్ ఉండే అవకాశం ఉంది. తాగేముందు పరీక్ష చేయించండి.

పంచాయతీ వాళ్ళకు పటం ఎలా ఇవ్వాలి?

ఊరి పేర్లు, చెరువుల పేర్లు, వంకల పేర్లు తెలుగులో వేయండి. చెరువు పేరు రెవెన్యూ కాగితంలో ఒకటి, ఊళ్ళో ఒకటి ఉంటుంది. ఊళ్ళో పిలిచేదే పెట్టండి. బేసిన్ మొత్తం కాకుండా వాళ్ళ పంచాయతీ ముక్క పెద్దదిగా వేసి, సర్వే నంబర్ల గీతలు మాత్రం తీసేయండి. అవి కనబడితే ప్రతివాళ్ళూ తమ చేను వెతుక్కుంటారు, అమ్ముకునేవాళ్ళు భూమి ధర పెంచుతారు. ఒకసారి గీతలతో సహా ఇచ్చాను. వారం తిరక్కుండా ఒకాయన వచ్చి, తన చేనుకు ఆకుపచ్చ వేయించి ఇంకో కాపీ తీసిమ్మన్నాడు.